తగ్గిందా అంటే తగ్గింది

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావలసిన చోట కాళ్లు ముందు వచ్చాయి. "సంపి బతికిచ్చినవ్ గదనే నన్ను" అని మా అమ్మకు ఎప్పుడు కోపం వచ్చినా ఆ పురుడే ఎత్తేది. అమరచింతలో మా ఇంటి ముందు, నాకు ఊహ తెలిసేనాటికే, పొద్దున్నే ఎవరో ఒకరు నడుము పట్టుకుని వంకరగా నిలబడి ఉండేవారు. మా వైపు నమ్మకం అది. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎడమ కాలు వేసి అదమాలి, పట్టు విడుస్తుంది. వచ్చినవాళ్లు గడప దగ్గర బోర్లా పడుకుంటారు. నేను కళ్లు నలుపుకుంటూ వచ్చి, ఎడమ పాదం నడుం మీద మోపి మూడుసార్లు అదుముతాను. వాళ్లు లేచి, ఏమీ మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. మాట్లాడినా, తిరిగి చూసినా నొప్పి మళ్లీ వాళ్ల వెంట పడుతుందట.

చిన్నప్పుడు నాకు అది భలే సరదాగా ఉండేది. బడికి ఆలస్యమైందని నన్ను ఎండలో నిలబెట్టే సారు కూడా ఒకరోజు నా కాలి కింద పడుకుని, లేచి, నోరు మెదపకుండా పోయాడు. ఆ వారమంతా తరగతిలో తల ఎగరేసుకుని కూర్చున్నాను. అయితే వాళ్లకు నిజంగా తగ్గేదో లేదో నాకు తెలిసేది కాదు. చెప్పకూడదనే కదా నియమం. తగ్గనివాళ్లు ఇంకోచోటికి పోయేవాళ్లేమో, ఎవరికి తెలుసు.

పెళ్లి చూపులకు గద్వాల నుంచి వచ్చినప్పుడు మా అత్తకు ఈ సంగతి ఎవరో చెవిన వేశారు. మా అత్త పుట్టిల్లు రాయచూరు వైపు. ఆమె మాటల్లో కన్నడం అక్కడక్కడా దొర్లుతుంది. "ఎదురుకాళ్లదా? అన్నిటికీ ఎదురొస్తదేమో, మనకు బ్యాడ" అని, వద్దంటే వద్దని లేవబోయిందట. మగ్గం పని వచ్చిన పిల్ల, పట్టు అంచు తప్పు లేకుండా నేస్తుంది అని మా మేనమామ సర్దిచెప్పి కూర్చోబెట్టాడు. పెళ్లయిన కొన్నాళ్లకే ఆమెకే నడుం పట్టింది. పొద్దున్నే వచ్చి గడప దగ్గర నిశ్శబ్దంగా బోర్లా పడుకుంది. నేను నవ్వు ఆపుకుని కాలు వేశాను. ఆమె లేచి, నియమం ప్రకారం మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా వంటింట్లోకి వెళ్లింది. ఆ తర్వాత గద్వాల మగ్గాల వాడలో నా కాలికి ప్రచారం చేసింది ఆమే. "మా కోడలు కాలేస్తే మంచం మీదున్నోడు లేసి ఉరుకుతడు" అనేది. నా ముందు మాత్రం "ఎదురుకాళ్లదానా" అనే పిలిచేది. తిట్టూ మెప్పూ రెండూ ఆ పిలుపులోనే సరిపెట్టేది.

మా ఇంట్లో ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకటి మా ఆయనది, ఒకటి నాది. గుంట మగ్గం అంటే నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేసుకుని నేయడం. గుంటలో తొక్కుడు చెక్కలు ఉంటాయి. ఏ చెక్క ఎప్పుడు తొక్కాలో, ఎంత బరువుతో తొక్కాలో పాదానికి తెలియాలి. కళ్లు పైన పడుగు మీద ఉంటాయి, చేతులు పేక విసిరే నాడె మీద. గద్వాల చీరకు అంచూ కొంగూ పట్టు, ఒళ్లంతా నూలు. ఆ రెండూ కలిసే చోట కన్ను తిప్పితే పోగు తప్పుతుంది. కాళ్ల వైపు చూసుకుంటూ నేసేవాళ్లను మా వాడలో "ఇంక దొగ్గాడుతుండు" అని, పాకే పసిపిల్లలతో పోల్చి నవ్వుతారు. నేను పెళ్లికి ముందు నుంచే చూడకుండా నేసేదాన్ని. నాకున్న పొగరంతా అదే.

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మగ్గం దిగి లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకోవడం అందరం చేసేదే. బాము రాసుకోవడం, ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకోవడం, అదీ అందరిదే. నొప్పి నడుములోంచి దిగి ఎడమ తొడ వెనకనుంచి మడమ దాకా తీగ లాగినట్టు లాగడం మొదలైనప్పుడు మాత్రం భయమేసింది. అప్పటికీ వాడలో నడుములు పట్టినవాళ్లు వస్తూనే ఉన్నారు. నేను గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, వాళ్ల మీద కాలు వేస్తూనే ఉన్నాను. వెనక సందులో గాజుల దుకాణం నడిపే ఖాలా ఒకసారి పడుకున్నచోటి నుంచే తల తిప్పి చూసి, "బేటీ, నీ మొకం గిట్లయింది ఏంది? నువ్వే పండుకో, నేనే కాలేస్త" అంది. ఇద్దరం నవ్వాం. ఊరందరి నడుముల మీదికి పోయే కాలు నా నడుం మీదికి ఎట్లా వస్తుంది?

మా అత్త ఊరుకోలేదు. ఎక్కడెక్కడో విచారించి బిజినేపల్లిలో ఒక ముసలాయన ఉన్నాడని కనుక్కుంది. ఆయనా ఎదురుకాళ్ల మనిషే, పైగా నాకన్నా ముందు పుట్టినవాడు, కాలు బరువు కలవాడు. "నీ కాలు ఆడకాలు. ఆయనది మొగకాలు, జర జోరు ఎక్కువుంటది" అంది. దవాఖానకు పోదామని మా ఆయన అన్నాడు. "దవాఖాన ఎక్కడికి పోతది, ఇది అయినంక అది" అని మా అత్త నన్ను బస్సెక్కించింది. ఎర్రవల్లి, కృష్ణ వంతెన, పెబ్బేరు, వనపర్తి, అక్కడ దిగి ఇంకో బస్సు. ఆ రోడ్ల మీద ప్రతి గుంతా నా నడుములోంచే పోయింది. ఆ ముసలాయన మంచి మనిషి. నన్ను చూసి, "నువ్వూ మనోళ్లదానివేనట గద బిడ్డా" అని సంతోషపడ్డాడు. ఎదురుకాళ్ల వాళ్లకూ ఒక కులం ఉన్నట్టు. బోర్లా పడుకున్నాను. కాలు వేశాడు. నాకు కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. లేచి, మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా వచ్చేశాను. వెనక్కి చూడాలన్నా మెడ తిరిగే స్థితిలో లేను.

తిరుగు ప్రయాణంలో వనపర్తి బస్టాండులో దిగి గద్వాల బస్సు దగ్గరికి నడుస్తున్నాం. మా అత్త ఒక్కసారిగా ఆగి, "చెప్పు ఏదే?" అంది. చూసుకుంటే నా ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఎండాకాలం, నేల కాలుతోంది. కుడి కాలికి చెప్పు ఉంది, ఎడమ పాదం ఉత్తది, ఆ మండే నేల మీద నేను తాపీగా నడుస్తున్నాను. మా అత్త వంగి నా పాదం పట్టుకుని చూసింది. బొటనవేలి కింద బొబ్బ లేస్తోంది. "కాలుతలేదా?" అంది. "లేదత్తా" అన్నాను. ఆమె మొహం నేను అంతకు ముందెన్నడూ అట్లా చూడలేదు. తన చెప్పు విప్పి నా కాలికి తొడిగింది. తాను ఒక కాలు ఉత్తగానే బస్సు దాకా నడిచింది.

కర్నూలులో ఒక దవాఖానలో చూపించాం. నడుం ఎముకల మధ్య ఉండే మెత్తటిది పక్కకు జారి, కాలికి పోయే నరాన్ని నొక్కేస్తోందని, ఆపరేషన్ చేయక తప్పదని డాక్టరు చెప్పాడు. మా అత్త గది మూల నిలబడి, "తొక్కిచ్చినందుకు గిట్లయిందా సారూ?" అని అడిగింది. ఆయన కసురుకోలేదు. "లేదమ్మా, చాలా రోజులుగా అరుగుతూ వచ్చిందే. కానీ ఇకముందు ఎవ్వరితోనూ తొక్కించొద్దు" అన్నాడు. ఆ రెండు మాటల్లో మా అత్తకు రెండోదే వినబడింది. ఆ రోజు నుంచి నన్ను ఎదురుకాళ్లదానా అని పిలవడం మానేసింది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పడుకున్నాను, లేచాను. లేచాక తొడ వెనక లాగే తీగ లేదు. ఏడ్చాను, అంత హాయి. ఆ హాయి కట్లు విప్పేదాకా ఉంది. ఆ తర్వాత నొప్పి మళ్లీ వచ్చింది, వేరే రూపంలో. లాగే నొప్పి పోయి కూర్చునే నొప్పి వచ్చింది. అది నడుములో ఇల్లు కట్టుకుని కాపురం పెట్టింది. ఎడమ పాదం మాత్రం మొద్దుగానే ఉండిపోయింది. "నరం చాలా రోజులు నలిగింది. స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టాలి" అన్నాడు డాక్టరు. పాదం బాగైతే, నడుము ఒప్పుకుంటే, అప్పుడు మగ్గం సంగతి చూద్దాం, అప్పటిదాకా నేల మీద కూర్చోవద్దు అన్నాడు. నేను ఆ "అప్పుడు" పట్టుకుని గద్వాల వచ్చాను. మగ్గం లేకపోతే నేనెవరో నాకు తెలియదు. అమరచింతలో మగ్గం పక్కన ఉయ్యాల కట్టి పెంచిన పిల్లను నేను.

బాగవడం అంటే ఏదో జరుగుతుందనుకుంటాం. ఏమీ జరగదు. పడుకోవడమే. అది కూడా నేర్చుకోవాలి. నేరుగా లేవకూడదు. ముందు పక్కకు తిరగాలి, కాళ్లు మంచం అంచు మీంచి దించాలి, చేతి మీద బరువు వేసి మొద్దు దొర్లినట్టు లేవాలి. నులక మంచం పనికిరాదని తీసేసి చెక్క బల్ల వేశారు. ప్లాస్టిక్ కుర్చీ నడిమధ్య కోసి దొడ్డికి వాడుకున్నాం. దాని గురించి ఇంతకన్నా రాయను. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి వంగలేక మా అత్త పెట్టేది. తను చెయ్యి వేస్తే కుచ్చిళ్లు ఎప్పుడూ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. అట్లాగే దోపుకునేదాన్ని. బెల్టు బిగించుకుంటే ఊపిరాడదు, వదిలేస్తే మనిషిని రెండుగా విరిచేసినట్టుంటుంది. తుమ్ము వస్తుందంటే చావే. ఇప్పటికీ తుమ్ము వచ్చే ముందు గోడ వెతుక్కుంటాను.

చూడడానికి వచ్చినవాళ్లు వైద్యాలు తెచ్చారు. ఒకామె నల్లేరు పచ్చడి తినమంది. ఒకాయన ఉలవలు ఉడకబెట్టి ఆ నీళ్లు తాగమన్నాడు. ఇంకొకాయన, ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశారు, మా తమ్ముడు చేయించుకోలేదు, ఇప్పుడు బస్తాలు మోస్తున్నాడు అన్నాడు. ఆ తమ్ముడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. నోటికి పనిలేనోడికి నా నడుం దొరికింది అని మనసులో తిట్టుకునేదాన్ని. ఖాలా ఒక్కతే ఏమీ చెప్పలేదు. గిన్నెడు పాయా తెచ్చి, "తాగు" అని, నేను తాగేదాకా గాజుల ధరల గురించి మాట్లాడి వెళ్లిపోయేది.

నా మంచం మగ్గాల గదిలోనే వేశారు. వేరే చోటు లేదు. నడుం పడిపోయేనాటికి నా మగ్గం మీద సగం చీర ఉంది. సగం చీరను మగ్గం మీద వదిలేయడం మా ఇళ్లలో మంచిది కాదంటారు. మా అత్త మగ్గం మానేసి చాలా ఏళ్లయింది. చూపు తగ్గింది, మోకాళ్లు వంగవు. ఒకరోజు పొద్దున నేను కళ్లు తెరిచేసరికి ఆమె నా గుంటలో కాళ్లు దించుకుని కూర్చుని ఉంది. "నువ్వెందుకత్తా?" అన్నాను. "సుమ్నె పండుకో. నేనేం మర్సిపోలె" అంది. సుమ్నె అంటే ఊరికే, నోరు మూసుకుని అని. మర్చిపోలేదు నిజమే. అయితే ఆమె నేత వేరు. నేను పేకను గట్టిగా దగ్గరికి కొడతాను, ఆమె మెత్తగా కొడుతుంది. చీర అయ్యాక మడతలు విప్పి చూపించింది. నేను ఎక్కడ ఆగానో, ఆమె ఎక్కడ మొదలుపెట్టిందో నాకు దూరం నుంచే కనబడింది. ఎవరు కట్టుకున్నారో ఆ చీర. కొంగు వైపు నేసింది ఒకరు, కుచ్చిళ్ల వైపు నేసింది ఇంకొకరు.

పడుకుని ఆ రెండు మగ్గాల చప్పుడు వినడం నాకు నొప్పి కన్నా ఎక్కువ అలసట. మా ఆయనది ఒక దెబ్బ, మా అత్తది ఇంకో దెబ్బ, రెండూ ఎప్పుడూ కలవవు. ఆమె మధ్యలో ఆగుతుంది. నడుం మీద చెయ్యి వేసుకుంటుంది. నా వైపు చూస్తుంది. నేను కళ్లు మూసుకుంటాను. కళ్లు మూసుకుంటే అడగదు కదా అని.

అయినా అడిగేది. ప్రతి పొద్దున ఒకే మాట. "తగ్గిందా?"

మన భాషలో రోగం పోదు, తగ్గుతుంది. జ్వరం తగ్గిందా, దగ్గు తగ్గిందా, నొప్పి తగ్గిందా. ఎంత తగ్గింది అని ఎవరూ అడగరు. తగ్గింది అంటే చాలు, పోయింది అనుకుని సంతోషపడి వెళ్లిపోతారు. చెప్పినవాళ్లకూ సులువు, విన్నవాళ్లకూ సులువు. మొదట్లో నేను ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని, తగ్గలేదత్తా అని. ఆ మాట వినగానే మా అత్త మొహం వనపర్తి బస్టాండులోని మొహం అయ్యేది. రోజూ తెల్లవారగానే ఆ మొహం చూడడం నా వల్ల కాలేదు. ఒకరోజు "తగ్గింది" అన్నాను. అబద్ధం కాదు. వెంట్రుకవాసి తగ్గినా తగ్గినట్టే కదా. ఆమె ఎంత తేలిగ్గా నవ్విందంటే మర్నాడూ అదే అన్నాను. ఆ తర్వాత అదే అలవాటైంది. తగ్గిందా అంటే తగ్గింది. నిద్ర లేచి మొహం కడుక్కోవడం వంటిదే.

డాక్టరు ఒక్కడే ఎంత అని అడిగేవాడు. "రూపాయిలో ఎన్ని అణాలు తగ్గిందమ్మా?" అనేవాడు. ఆయన ముందు దాపరికం లేదు. "చారాణా పోయింది సార్, బారాణా ఉన్నది" అన్నాను. "పాదం?" అన్నాడు. సూదితో గుచ్చి, దూదితో రాసి చూశాడు. ఏది సూది, ఏది దూది అన్నది నేను చెప్పలేకపోయాను. ఇంకా చూద్దాం అన్నాడు. మా ఆయన బయట మందుల చీటీ పట్టుకుని నిలబడ్డాడు. "ఏమన్నడు?" అన్నాడు. "తగ్గుతదన్నడు" అన్నాను. ఇంటికి వచ్చేసరికి ఆ మాట మా ఆయన నోట "తగ్గిందంట" అయింది. సాయంత్రానికి వాడలో "మంచిగైందంట" అయింది.

పాదం కోసం నేను ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక ఆట ఆడుకునేదాన్ని. కళ్లు మూసుకుని ఎడమ పాదం నేల మీద తిప్పుతూ కింద ఏముందో చెప్పుకోవాలి. ఖాళీ నాడె, కంది బేడలు, మడతపెట్టిన గోనెసంచి. కుడి పాదం అన్నీ చెప్పేది. ఎడమది అన్నిటికీ ఒకటే జవాబు, ఏదో ఉంది అని. కొన్ని రోజులు అది కూడా కాదు. మంచి రోజుల్లో మాత్రం మడమ దగ్గర కొంచెం వెచ్చగా తెలిసినట్టుండేది. అది నిజంగా తెలియడమో, తెలియాలన్న ఆశో నాకే అర్థమయ్యేది కాదు. ఆ వెచ్చదనం మీద నమ్మకం పెట్టుకునే, "తగ్గిందంట" అన్న మా ఆయన మాటను ఖండించలేదు.

ఆయనకు ఒక కొత్త పడుగు దొరికింది. మంచి పని, ముదురు నెమలిరంగు, పెద్ద అంచు. తీసుకొచ్చి నా మగ్గానికి అతకడం మొదలుపెట్టాడు. అమ్మాకొడుకులిద్దరూ కూర్చుని పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికారు. కళ్లు లాగే పని, మెడలు విరిగే పని. నా మంచం మీంచి చూస్తూ ఉన్నాను. "శుక్రారం మంచిగున్నది. బొట్టు పెట్టి కూసో" అన్నాడు మా ఆయన. ఎన్నాళ్లకో ఆయన గొంతులో ఉషారు. "జర జర నేద్దువు తీ, పరేషాన్ గాకు. నొప్పి లేస్తే దిగు" అన్నాడు. మా అత్త ఆ మాటకు చేతులు ఆపి, నన్ను చూసి, "తగ్గింది గద. కూసుంటది" అంది. ఆ గొంతులో ఎంత నమ్మకమో. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. కూర్చుంటే పాదం తప్పు చెక్క తొక్కుతుంది. బరువు తెలియక రెండు చెక్కలూ ఒకేసారి తొక్కుతుంది. వాళ్లిద్దరూ కళ్లు పోగొట్టుకుని అతికిన పోగులు జల్లున తెగుతాయి. తెలుసు. అయినా శుక్రవారం లోపల ఏదైనా జరగొచ్చు కదా అనుకున్నాను. మనిషి ఆశకు సిగ్గు ఉండదు.

గురువారం పొద్దున మా అత్త వాకిలి ఊడ్చి, చీపురు పెట్టి, నడుం ఎత్తబోయి ఎత్తలేకపోయింది. రోజుల తరబడి నా గుంటలో కూర్చోవడం, పైన ఈ పడుగు పని. "హమ్మా" అని గోడకు ఒరిగింది. మా ఆయన తన మగ్గం మీంచి లేవబోతే చెయ్యి ఊపి వద్దంది. వంకరగానే, ఒక్కో అడుగూ వేసుకుంటూ గడప దగ్గరికి వచ్చింది. ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేలోపలే బోర్లా పడుకుంది.

"అత్తా, డాక్టరు తొక్కిచ్చుకోవద్దన్నడు" అన్నాను.

"నిన్ను వద్దన్నడు. నన్నేమనలె. కాలెయ్యి."

"నా కాలు ముందటి లెక్క లేదత్తా."

"ఎట్లున్నా నీ కాలే. దా."

పక్కకు తిరిగి, చెయ్యి ఆనించి లేచాను. బెల్టు బిగించుకున్నాను. ద్వారబంధం పట్టుకుని కుడి కాలి మీద నిలబడి ఎడమ కాలు ఎత్తాను. ఎత్తడానికే నడుములో కత్తి దిగినట్టయింది. కాలు కిందికి దించాను. ఆమె నడుం మీద పడిందో, పక్కన నేల మీద పడిందో తెలియలేదు. వంగి చూసుకోవాల్సి వచ్చింది. పడింది. ఆమె నీలం చీర మీద, వెన్నుపూసల మీద నా పాదం ఉంది, ఎవరి పాదమో అక్కడ పెట్టినట్టు. అదిమాను. ఎంత అదిమానో తెలియదు. ఆమె నోట్లోంచి ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది. భయపడి తేల్చాను. రెండోసారి. మూడోసారి. పసితనం నుంచి ఎన్ని నడుముల మీద ఈ పాదం వేశానో. ప్రతి నడుమూ ఒక్కో రకంగా తెలిసేది, కొన్ని గట్టిగా, కొన్ని మెత్తగా, ఎక్కడ బిగిసిందో అక్కడ. ఇంత దగ్గరి మనిషి నడుం నాకు తెలియలేదు.

మా అత్త చేతులు నేలకు ఆనించి లేచింది. నిటారుగా నిలబడడానికి ప్రయత్నించి సగంలోనే ఆగిపోయింది. గోడ పట్టుకుంది. మాట్లాడకుండా పోవాలి. నియమం ఆమెకు నాకన్నా బాగా తెలుసు. కానీ నాకు వీపు చూపిస్తూనే అంది:

"తగ్గింది."

ఆ మాట నేను గుర్తుపట్టాను. అది నా మాట. ప్రతి పొద్దునా నేను ఆమెకు చెప్పేది అదే గొంతుతో, అదే వంకరతో. ఎన్ని నెలలుగా ఆమె అది విని, నమ్మినట్టు నవ్విందో అప్పుడర్థమైంది.

"తగ్గలె అత్తా" అన్నాను. "నీకూ తగ్గలె, నాకూ తగ్గలె. నీ నడుం నా కాలికి తెలుస్తలేదు."

మా ఆయన మగ్గం చప్పుడు ఆగింది.

"కొంచం గూడ?" అంది, గోడ వైపే చూస్తూ.

"కొంచం గూడ తెలుస్తలేదు. నేల మీద పడ్డదో నీ మీద పడ్డదో సూసుకోవాల్సొచ్చింది. ఈ మగ్గం ఇగ నాతోటి కాదు. రేపు నన్ను కూసోమనకుండ్రి. పోగులన్నీ తెంపుకుంట."

ఏడుపు అప్పుడు వచ్చింది. సూదీ దూదీ తేడా తెలియనప్పుడు రాని ఏడుపు, కుచ్చిళ్లు వంకరగా పెట్టించుకున్నప్పుడు రాని ఏడుపు, ద్వారబంధం పట్టుకుని నిలబడే ఏడ్చాను. కూర్చుని ఏడ్చే అదృష్టం కూడా లేదు నాకు.

మా అత్త వెనక్కి తిరిగింది. తిరగకూడదు, తిరిగి చూస్తే నొప్పి వెంటపడుతుంది. తిరిగి నా మొహం చూసింది, తర్వాత నా పాదం చూసింది.

"ఆ బిజినేపల్లికి నేనే గద తోల్కవోయింది" అంది.

"దాంతోటి కాదన్నడు గద డాక్టరు."

"డాక్టరుకేం తెలుసు. నీ కాలికి చెప్పు లేకుండె. నేను సూసిన." అన్ని నెలల్లో ఆ మాట ఎత్తడం అదే మొదలు. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

మా ఆయన గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. ఆయన చూపు ఒకసారి నెమలిరంగు పడుగు మీదికి పోయి, తిరిగి మా మీదికి వచ్చింది.

మా అత్త గోడ వదిలింది. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గడప మీద పెట్టి, మూలుగుతూ, మళ్లీ నేల మీదికి దిగింది. మళ్లీ బోర్లా పడుకుంది. చెంప గచ్చుకు ఆనించి, పైట సర్దుకుంది.

"ఏం జేస్తున్నవత్తా?"

"కాలెయ్యి."

"నీకు నొప్పి ఎక్కువైతది. నాకు ఎంత బరువు పడుతదో తెల్వదు."

"నా నొప్పి నేను సూసుకుంట. నాకు తగ్గనీకె కాదు. నీ కాలికి తెలిసేదాక ఎయ్యి."

ద్వారబంధం పట్టుకున్నాను. కాలు ఎత్తాను. వంగి, చూసి, ఆమె నడుం మీద మెల్లగా పెట్టాను. కళ్లు మూసుకున్నాను.

"తెలిసిందా?" అంది నేల మీంచి.

"తెల్వలె అత్తా."

"మల్ల ఎయ్యి" అంది.